కొండవీటి మీదుగా పిల్లిగద్దలు

కొండవీడు చూడడానికి వెళ్ళేవాళ్లలో ఎక్కువమంది కిందికే చూస్తారు. అందులో తప్పేమీ లేదు. చూడవలసింది కిందనే బోలెడంత వున్నది. రెడ్డిరాజులు కట్టించిన బురుజులు, కూలిపోయిన గోడలు, కొండమీద ఎండాకాలంలో కూడా కళ్లకు చల్లగా కనిపించే ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు, ఇవన్నీ తిరిగేటప్పటికే పూట గడిచిపోతుంది. ఇంకా వోపిక వున్నవాళ్లు బురుజు గోడకు మోచెయ్యి ఆనించి పల్లపు నేల వంక చూసి, "ఆ కనిపించేది చిలకలూరిపేటేనా?" అని పక్కవాణ్ణి అడుగుతారు. పక్కవాడికీ తెలియదు. అంతలో ఆకలి గుర్తుకు వస్తుంది, దిగిపోతారు.

పైకి చూసేవాళ్లు తక్కువ. ఫాల్గుణ పున్నమి మొదలు ఉగాది దాటేవరకూ, ముప్ఫై నలభై రోజులపాటు, ఆ కొండ నెత్తిమీదుగా కొన్ని పక్షులు వుత్తరదిక్కుకు పోతుంటాయి. వాటిని చూడడానికే నేను వెళ్ళాను. ఆ మాట బంధువులతో చెబితే నవ్వుతారని, కోట చూసి వస్తానని చెప్పి బయలుదేరాను.

గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే పెద్ద రోడ్డు మీద బోయపాలెం దగ్గర దిగితే, అక్కడినుంచి కొండ దగ్గరికి ఆటో దొరుకుతుంది. ఘాట్ రోడ్డు పడ్డ తరువాత పైకి ఎక్కడం మోకాళ్ల సమస్య కాకుండా పోయింది. నేను వెళ్ళింది మార్చి నెలలో. గుంటూరు సీమకు అది మిరపకాయల నెల. యార్డుకు పోయే లారీల మీద టిక్కీలు, రోడ్డు పక్క కళ్లాల్లో పట్టాల మీద ఆరబోసిన కాయలు, మూతికి కొంగు చుట్టుకుని తాలుకాయలు ఏరే ఆడవాళ్లు. ఆటోలో నాతోపాటు ఎక్కిన ముగ్గురూ వంతులవారీగా తుమ్మారు. నాలుగో వంతు నాది.

కళ్లాల వెనక, చేల గట్ల మీద, పట్టాలు కప్పిన చిన్న చిన్న డేరాలు కనిపించాయి. అవి కోత కూలీలవి. కర్నూలు వైపు నుంచి సంసారాలతో సహా సంక్రాంతికి అటూ ఇటూగా దిగి, కాయ కోసి, ఉగాది నాటికి మళ్ళీ తమ వూళ్లకు పోతారు. ఒక డేరా ముందు అప్పుడే మూటలు కడుతున్నారు. బిందె, పొయ్యి రాళ్ల మీద మసిబట్టిన గిన్నె, ఒక మేకపిల్ల, చంకలో పసివాడు. నేల మీద ఈ ప్రయాణం సాగే రోజుల్లోనే ఆకాశంలో ఆ ప్రయాణమూ సాగుతుంది.

ఇంతకూ ఆ పక్షి పేరు చెప్పలేదు. దాని పేరు పిల్లిగద్ద.

గద్ద అనగానే మనకు ఒకటే గద్ద తెలుసు. కోడిపిల్లను తన్నుకుపోయేది, చేపల బజారు మీద తిరిగేది. డేగ అంటే పల్నాటివాళ్లకు పక్షి కంటే ముందు పందెం కోడి రంగు గుర్తుకు వస్తుంది. కాకి, నెమలి, డేగ అంటూ పుంజుల వివరం చెప్పగలవాళ్లు ఆకాశంలోని డేగను చూపిస్తే "అదేదో గద్ద" అని వూరుకుంటారు. కాని ఒకప్పుడు మనవాళ్లకు ఇన్ని తెలుసు అని ఆశ్చర్యపోయేటట్టు పేర్లున్నాయి: జాలె డేగ, భైరి, లగడు, పాముల గద్ద, పిల్లిగద్ద. వీటిని పుస్తకానికెక్కించినవాడు తెలుగువాడు కాదు. థామస్ జెర్డన్ అనే తెల్లదొర. 1836లో మద్రాసుకు సైనిక వైద్యుడుగా వచ్చి, తరువాత నెల్లూరులో వైద్యుడుగా పనిచేశాడు. రోగులను చూడగా మిగిలిన పొద్దంతా పక్షుల వెంట తిరిగి, వాటికి తెలుగునాట ఏ పేరు వాడుకలో వున్నదో అడిగి రాసుకున్నాడు. 1862లో మొదలుపెట్టి 1864కు పూర్తిచేసిన భారతదేశపు పక్షుల గ్రంథంలో ఆ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పడివున్నాయి. మన పేర్లు మనం మరిచిపోయి, దొర పుస్తకంలో వెతుక్కోవలసి రావడం కొంచెం సిగ్గుపడే సంగతే.

పిల్లిగద్దను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మామూలు గద్దకంటే సన్నం, రెక్కలు పొడుగు, తోక పొడుగు. రెక్కలను బల్లపరుపుగా చాపదు. పుస్తకం సగం తెరిచి పట్టుకున్నట్టు రెండు కొసలూ పైకెత్తి, నేలకు నిలువెత్తున తూలుతూ తేలుతూ పోతుంది. మగది విబూది రంగు, రెక్కల కొసలు నలుపు, రెక్క మీద బొగ్గుతో గీసినట్టు ఒక గీత. ఆడది మట్టిరంగు, తోక మొదట తెల్లటి పట్టీ. చాపిన రెక్కలు మూడున్నర అడుగులు వుంటాయి గాని మగదాన్ని తూస్తే పావుకిలోకు కొంచెం అటూ ఇటూ తూగుతుంది. ముఖం గుడ్లగూబ ముఖంలాగా గుండ్రం. ఆ గుండ్రం ఈకలు చప్పుడును చెవుల్లోకి పట్టి ఇస్తాయట. గడ్డిలో చిట్టెలుక కదిలితే కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. ఇంతకంటే పిల్లికి ఏం కావాలి? పేరు పెట్టినవాడెవడో గట్టివాడు.

వీటిలోనూ రకాలున్నాయి. మాంటేగు అనే ఆంగ్లేయుడి పేరుతో పిలిచేది ఒకటి, అంతకంటే పాలిపోయిన రంగుది ఇంకొకటి. ఈ రెండూ మెట్టచేల పక్షులు. వాటికంటే పెద్దది, బురదనేలలను, వరిమళ్లను పట్టుకు తిరిగేది మూడోది. అది కృష్ణా డెల్టాలోనూ, కొల్లేరు చుట్టూ ఎక్కువ. నేను కొండవీటి మీద వెతికింది మెట్టచేలవాటిని.

ఏడున్నరకు దక్షిణం వైపు బురుజు మీద చేరాను. కింద నేల అప్పుడే మంచు విడుస్తున్నది. నల్లరేగడి మీద పత్తి పీకేసిన చేలు నల్లగా, పీకనివి కట్టెలు నిలబడి బూడిదగా, మధ్య మధ్య ఎర్రటి జంపఖానా పరిచినట్టు మిరప కళ్లాలు. ఈ కొండ దిగువ నేల కోసమే రెడ్లు సుమారు నూరేళ్లు ఈ గోడల వెనక వున్నారు. దాని కోసమే గజపతులు వచ్చారు, 1515లో కృష్ణదేవరాయలు వచ్చి వాళ్లను దింపాడు. అంతమంది కన్నుపడ్డ నేల పొద్దున్నే చూస్తే ఏమీ ఎరగనట్టు వుంటుంది.

ఎనిమిదిన్నర దాకా ఏమీ రాలేదు. రాకపోవడానికి కారణం వున్నది. కొండమీద నిలబడే ఎందుకు చూడాలి అన్నదానికీ అదే జవాబు. పొద్దెక్కి నేల కాగితే వేడిగాలి స్తంభంలాగా పైకి లేస్తుంది. నల్లరేగడి తొందరగా కాగుతుంది. పెద్ద రెక్కల పక్షులు ఆ స్తంభంలో గుండ్రంగా తిరుగుతూ ఖర్చు లేకుండా పైకెక్కి, అక్కడినుంచి జారుడుబల్ల మీద జారినట్టు ముందుకు జారుతాయి. మళ్ళీ ఇంకో స్తంభం. కొండ వున్నచోట ఇంకో సదుపాయం: ఎదురుగా వచ్చి గుద్దుకున్న గాలి పైకి మళ్లుతుంది, ఆ ఎత్తుడు మీద కూడా పోవచ్చు. పిల్లిగద్దకు ఈ సాయం గద్దలకున్నంత అవసరం లేదు. రెక్క కొట్టి పోగలదు, సాయంత్రం చల్లబడ్డాక కూడా పోగలదు. అయినా వుచితంగా దొరికేదాన్ని ఎవరు వదులుకుంటారు?

నేను దుర్భిణి కళ్లకు పెట్టుకుని వెనక్కు వాలి వుండగా, పక్కన మేకలు, వాటి వెనక ఒక ముసలాయన వచ్చారు.

"ఏందబ్బాయ్, మెడ ఇరిగేట్టు జూస్తన్నావు? ఇమానమా?"

"కాదు తాతా, గద్దలు."

"గద్దలా! ఆ మాత్రానికి ఇంత కొండెక్కాలా? పేటలో చేపల బజారు కాడ నిలబడితే నెత్తిమీదే వాల్తయ్ గదా."

పిల్లిగద్దలు అన్నాను. ఆయన ముఖంలో ఎగతాళి పోయింది. చేతికర్ర గడ్డం కింద పెట్టుకుని, "ఓ, అయ్యా! అయ్యి ఎండలు ముదిరితే వుండవు. మిరపకోతలు అయ్యేటప్పటికి పోతయ్. మళ్ళా పత్తి పగిలేటప్పటికి వస్తయ్" అన్నాడు. పుస్తకాలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రాక, మార్చి, ఏప్రిల్ నెలల్లో పోక అని రాస్తాయి. రెంటికీ తేడా ఏమీ లేదు.

"యాడికి పోతయ్యో మాత్రం తెలవదు" అన్నాడు మళ్ళీ. తెలిసినంత చెప్పాను. విని, నమ్మినట్టు తల వూపాడు గాని, నమ్మలేదని మేకను అదిలించిన తీరులో తెలిసింది.

తొమ్మిది కావస్తుండగా మొదటిది వచ్చింది. ముందుగా తాత చూశాడు. నాకు దుర్భిణిలో దొరికేటప్పటికి అది మా కంటి ఎత్తున, చాలా దగ్గరగా వున్నది. మగది. కింద చేల మీద తిరిగేటప్పుడు దానికి వుండే తూలుడు ఇప్పుడు లేదు. ఒక్కసారి కిందికి చూడలేదు. బురుజు పక్కకు రాగానే గాలి ఎత్తింది, రెక్క ఒకసారి సర్దుకుంది, నాలుగు చుట్లు తిరిగి చుక్కంత అయింది. ఆ ఎత్తు నుంచి వాయవ్యానికి ఒకే గీతగా జారిపోయింది. అంతా కలిసి మూడు నిమిషాలు పట్టి వుంటుంది.

పాఠకులకు ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ గుంపులు రావు. ఎర్రసముద్రం చివర ఇజ్రాయెల్ దేశంలో ఐలాట్ అనే పట్టణం మీదుగా వసంతకాలంలో లక్షల సంఖ్యలో గద్దలు పోతాయి. నల్లసముద్రం ఒడ్డున జార్జియా దేశపు బతూమి దగ్గర శరత్కాలంలో పది లక్షలకు మించి లెక్కపెట్టారు. సముద్రం మీద వేడిగాలి లేవదు కనుక పెద్ద పక్షులు దాన్ని తప్పించుకుని, కొండకూ నీటికీ మధ్య ఇరుకుదారిలో పడతాయి. సంతకు పోయే బళ్లన్నీ వంతెన దగ్గర కలిసినట్టు. మనది వంతెన లేని మైదానం. ఎవరికి తోచిన దారిన వాళ్లు పోవచ్చు. అందువల్ల కొండవీటి మీద పొద్దున్నుంచి మధ్యాహ్నం వరకు నాకు దొరికినవి తొమ్మిది. మధ్యలో ఒక పాముల గద్ద వచ్చింది, అది వూరిదే. కొండ చరియలో కాపరం వున్న భైరి జంట ఒకటి, దాటిపోతున్న పిల్లిగద్దను రెండుసార్లు తరిమింది. తొమ్మిదే అయినా, ఒక్కొక్కదాన్ని విడిగా, వస్తున్నప్పటినుంచి చుక్క అయిపోయేదాకా చూడవచ్చు. లక్షల్లో అది కుదరదు.

ఇక అవి పోయేది ఎక్కడికి? నాలుగు వేల కిలోమీటర్ల అవతల, కజకస్తాన్ గడ్డిమైదానాలకూ, వాటి చుట్టుపక్కలకూ. మనదేశంలో కొన్ని పిల్లిగద్దల వీపున ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న పరికరాలు కట్టి చూశారు. హిమాలయాలకు ఎదురు పోవు. పడమటగా, గుజరాత్, రాజస్థాన్ మీదుగా పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ దాటి, కొండలను చుట్టుకుని వుత్తరానికి మళ్లుతాయి. మే నెలలో, మనకు రోహిణి ఎండ రాళ్లు పగలగొడుతుండగా, అక్కడ పచ్చగడ్డి మోకాలెత్తు లేస్తుంది. గూడు చెట్టు మీద కాదు, గడ్డిలో నేల మీదే. ఒక్కోసారి గోధుమచేలో. నాలుగు గుడ్లో అయిదు గుడ్లో, వాటి మీద ఆడది నాలుగు వారాలు కూచుంటుంది. మగది ఆహారం తెచ్చి గూటిలో దిగదు. ఆడది ఎదురు లేచి వస్తే పైనుంచి జారవిడుస్తుంది. ఆమె గాలిలో వెల్లకిలా తిరిగి పట్టుకుంటుంది. సర్కసువాళ్లు టిక్కెట్టు పెట్టి చూపించే పని, వాళ్ల ఇంట్లో రోజూ వంటపని.

ఆ గడ్డిమైదానానికీ ఒక కథ వున్నది. 1954లో సోవియట్ ప్రభుత్వం బీళ్లను సాగులోకి తెచ్చే మహోద్యమం ఒకటి మొదలుపెట్టింది. ట్రాక్టర్లు దిగి, కోట్ల ఎకరాల గడ్డి దున్ని గోధుమ చల్లారు. 1991లో ఆ దేశం విచ్ఛిన్నమయ్యాక దున్నేవాడు లేక అందులో చాలా భాగం తిరిగి బీడు పడింది, గడ్డి మొలిచింది. అంటే ఈ పక్షికి పుట్టింటి వైపు నేల కొంత తిరిగివచ్చింది. మరి చలికాలం గడిపే మనవైపు?

మనవైపు వాటిని ఎవరూ చంపడం లేదు. ఆ మాట చెప్పుకోవాలి, ఎందుకంటే చంపిన చోట్లూ వున్నాయి. నాగాలాండులో పాంగ్టీ వూరి దగ్గర, 2012లో, ఆముర్ డేగలు అనే చిన్న డేగలను వలలు కట్టి లక్షకు పైగా పట్టారని లోకమంతా గగ్గోలైంది. మరుసటి ఏడే వూరివాళ్లు వలలు తీసేశారు. 2013 నవంబరులో అక్కడే మూడింటికి పరికరాలు కట్టి వదిలితే, అవి బంగాళాఖాతం దాటి మన ఆంధ్రదేశం మీదుగానే అరేబియా సముద్రానికి పోయి, ఆగకుండా దాన్ని దాటి ఆఫ్రికా చేరాయి. వల కంటికి కనిపిస్తుంది, ఒక వూరు తలుచుకుంటే విప్పేయవచ్చు. మన నేల మీద జరుగుతున్నది అంత సులభంగా కంటబడదు.

పిల్లిగద్దకు చలికాలంలో రెండే రెండు కావాలి. పగలు తినడానికి మిడతలు, చిట్టెలుకలు. రాత్రి పడుకోవడానికి గడ్డి.

మిడతల సంగతి పత్తి రైతును అడగాలి. గుంటూరు, ప్రకాశం రేగడిలో పత్తి ఎలా బతికిందో, దాన్ని నమ్మినవాడు ఎలా బతికాడో ఇక్కడ ముసలివాళ్లందరికీ తెలుసు. 1987-88లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు కలిసి చేలను వూడ్చేశాయి. కొట్టిన మందుకు పురుగు చావక, మందు అప్పు తీరక, రైతులు అదే మందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడు తలుచుకుంటే ఇప్పటికీ ఈ వూళ్లల్లో గొంతులు తగ్గుతాయి. 2021లో మిరప మీద నల్ల తామరపురుగు పడింది. పూతలో దూరి కాయ లేకుండా చేసింది. దానికీ మందే. వారానికి ఒకటి, రెండు రోజులకు ఒకటి. ఆ రైతు దగ్గరికి పోయి "మిడతలు తగ్గిపోతున్నాయండీ, గద్దలకు కష్టం" అంటే మందు డబ్బా మన నెత్తిన పెట్టినా పెడతాడు. నేను అనలేదు. అనగల ముఖం నాకు లేదు. కాని చాలా మందులకు తెల్లదోమా మిడతా అనే తేడా తెలియదన్నది మాత్రం నిజం. మిడతను ఏ పైసా తీసుకోకుండా ఏరిపెట్టే పక్షి, చేను మీద రోజుకు పదిసార్లు తిరుగుతుందన్నదీ నిజం.

రెండోది గడ్డి. దీని సంగతి నాకు తాతే చెప్పాడు. పదకొండు దాటి ఎండ చురుక్కుమంటుంటే చెట్టు నీడన కూచుని మజ్జిగ సీసా విప్పి, ముందు నాకు ఇచ్చాడు.

"ఇయ్యి రేత్రిళ్లు కొండ మీద పండుకోవబ్బాయ్. చెట్టూ ఎక్కవు. కింద గడ్డి బీట్లో, నేల మీద, కుందేళ్ల మాదిరి పండుకుంటయ్. ఒకటి రెండు గాదు, మందకు మంద. ఇటేపు బీళ్లు యాడున్నయ్ ఇంకా? మా చెల్లెల్ని ఇచ్చిన వూరు ఒంగోలు అవతల. ఆళ్ల పొలాల కాడ వొక బీడుంది. నిరుడు గూడా జూశా."

వూరు పేరు చెప్పించుకుని, మర్నాడు మధ్యాహ్నం ఒంగోలు బస్సెక్కాను.

పిల్లిగద్దలు ఇలా మందగా పడుకోవడం చాలా చోట్ల చూశారు. గుజరాత్‌లో వెళావదర్ గడ్డిమైదానంలో ఒక్క సాయంత్రం వెయ్యికి పైగా దిగిన రోజులున్నాయి. మన రాష్ట్రంలో పేరుపడ్డ చోటు రోళ్లపాడు. ఒకప్పటి కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. 1988లో బట్టమేక పక్షి కోసమని అక్కడి ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డిని అభయారణ్యం చేశారు. ఆ గడ్డిలోనే పిల్లిగద్దలూ పడుకునేవి. బట్టమేక అక్కడ దాదాపు కనుమరుగైంది. పిల్లిగద్దల లెక్కా బాగా పడిపోయింది. బెంగుళూరులోని అట్రీ సంస్థవారు దేశంలోని ఇటువంటి పడకలను ఏళ్ల తరబడి లెక్కపెట్టి, తగ్గుతున్నాయని తేల్చారు. గడ్డి పోవడం, పురుగుమందులు, ఈ రెండింటి మీదనే వారి అనుమానం.

ప్రకాశం జిల్లా 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఏర్పడింది. అంతకుముందునుంచీ గుండ్లకమ్మకూ మూసీకీ మధ్య నేలకు ఒక పేరున్నది. ఒంగోలు గిత్త పుట్టిన నేల అది. గిత్త అంత ఎత్తు ఎదగడానికి గడ్డి కావాలి. అందుకని రైతు తన పొలంలో ఒక చెక్క బీడుగా వదిలేవాడు. ఎద్దుల కోసం వదిలిన ఆ గడ్డిలోనే పిల్లిగద్దలు రాత్రిళ్లు తలదాచుకున్నాయి. అద్దె అడిగినవాడు లేడు. తరువాత వర్జీనియా పొగాకు వచ్చింది, పత్తి వచ్చింది, శనగ వచ్చింది, ట్రాక్టరు వచ్చింది. ఎద్దు వెళ్ళిపోయింది. ఎద్దు లేనివాడికి బీడు ఎందుకు?

తాత చెప్పిన బీడు దొరికింది. వూరికి రెండు కిలోమీటర్లు. పన్నెండెకరాలు వుంటుందేమో. ఒక పక్క శనగ కోసేసిన చేను, ఇంకో పక్క జామాయిల్ తోట, మధ్యలో నడుమెత్తు ఎండుగడ్డి, నాలుగు తాళ్లు. పొలంగలాయన సైకిలు మీద వెనకే వచ్చారు. డెబ్బై ఏళ్లు వుంటాయి. పరాయివాడు పొద్దుగూకే వేళ పొలంలో నిలబడితే ఎవరు మాత్రం రారు? సంగతి చెప్పాను.

"గద్దల కోసమా! నేనింకా సర్వేవాళ్లేమోననుకున్నా బాబూ" అని, గట్టు మీద కండువా పరిచి, కూచోమన్నారు.

ఆరుంబావుకు మొదటిది వచ్చింది. తరువాత పడమటి నుంచి రెండు, ఉత్తరం నుంచి ఒకటి. గడ్డి మీద చాలాసేపు, ఎక్కడ దిగాలో తెలియనివాటిలాగా, తిరిగాయి. ఒకటి దిగీ దిగకముందే లేచింది. ఇంకొకటి దిగి, మళ్ళీ తల మాత్రం పైకెత్తి చూసింది. ఆయనా చేత్తో కళ్లకు నీడ పెట్టుకుని చూస్తున్నారు. "ఏడు... కాదు, ఆ తాటిచెట్టు కాడ ఇంకోటి, ఎనిమిది" అని నాకంటే ముందు లెక్క చెబుతున్నారు. పదమూడు దాకా ఇద్దరి లెక్కా కలిసింది. ఆపైన నేను పదిహేనన్నాను, ఆయన పదహారన్నారు.

"మా నాయన రోజుల్లో ఇంతకు పదింతలు దిగేవి బాబూ. గొడ్లు తోలుకొస్తుంటే లేచేవి, దుమ్ము లేచినట్టుండేది. మా గిత్తల జత అమ్మేసి ఎనిమిదేళ్లయింది. పిల్లలిద్దరూ హైదరాబాదులో. ఈ గడ్డి ఎవరికోసం?" కొంచెం ఆగి, "తొలకరికి జామాయిల్ పెడదామని మాట్లాడా. కూలీలు అక్కర్లా, నీళ్లు అక్కర్లా. నాలుగేళ్లకు కొట్టుకుపోతారు" అన్నారు.

నేనేమీ అనలేదు. అది ఆయన పొలం.

"మళ్ళీ ఎప్పుడొస్తయ్ ఇవి?"

"దసరా అటూ ఇటూ, బాబాయిగారూ."

"అప్పటికి మొక్కలు మోకాలెత్తు వుంటయ్. జామాయిల్లో పడుకోవా?"

పడుకోవని చెప్పాను. చుట్టూ ఎవరు వస్తున్నారో కనిపించే గడ్డి కావాలి, తోట పనికిరాదు. ఆయన మళ్ళీ గడ్డి వంక చూశారు. చీకటి పడుతున్నది, ఏదీ కనిపించడం లేదు.

"పన్నెండెకరాలూ తిరిగాయి గాని, దిగింది మాత్రం ఆ తాళ్లకూ ఈ గట్టుకూ మధ్యనే గదా" అన్నారు. "ఎంతుంటుందంటారు?"

"రెండెకరాలు."

"రెండుకు ఎక్కువే. రెండున్నర." సైకిలు స్టాండు తీసి, తొక్కకుండా నడిపించుకుంటూ బయలుదేరారు. నేనూ పక్కన నడిచాను. రోడ్డెక్కేదాకా మాట్లాడలేదు. ఆ రెండున్నర ఎకరాలకు నాలుగేళ్లకు ఎంత కర్ర వస్తుందో లెక్క వేసుకుంటున్నారని పెదవులు కదలడం చూస్తే తెలిసింది. బస్సు లైట్లు కనిపించినప్పుడు మాత్రం, "దసరాకు ఒకసారి రండి, చూద్దాం" అన్నారు.